సముద్రానికి బాట వేసుకున్న జాంబియా

నలుగురి పొలాల మధ్య చిక్కుకున్న చెక్క సంగతి రైతును అడిగితే చెబుతాడు. నేల ఎంత సారవంతమైనా, పంట విరగపండినా, ధాన్యం బండి రోడ్డెక్కాలంటే పక్కవాడి గట్టు మీదుగానే పోవాలి. పక్కవాడు మంచివాడైతే సరే. మాటామాటా పెరిగిన రోజు ఆ పంట కళ్లంలోనే ఉండిపోతుంది. పాస్‌బుక్కులో పేరు మనదే అయినా, నడక దారి లేని పొలం మీద సగం పెత్తనం పొరుగువాడిదే.

ఆఫ్రికా ఖండం నడిమధ్యన ఉన్న జాంబియా అలాంటి పొలం. దాని చుట్టూ ఎనిమిది దేశాలు: కాంగో, టాంజానియా, మలావి, మొజాంబిక్, జింబాబ్వే, బోట్స్వానా, నమీబియా, అంగోలా. ప్రపంచంలోని మేలైన రాగి నిల్వల్లో కొన్ని ఆ దేశపు కడుపులో ఉన్నాయి. ఆ రాగి ఓడెక్కాలంటే మాత్రం ఏ దిక్కుకు బయల్దేరినా వెయ్యి కిలోమీటర్లకు పైగా పోవాలి, అందులో చాలా భాగం పరాయి నేల మీద.

స్వాతంత్ర్యం వచ్చిన పద్నాలుగు నెలలకే ఆ పొరుగు గట్టు మూసుకుపోయింది. అప్పుడు జాంబియా ఏం చేసిందన్నదే ఈ కథ.

ఏరుంది, దారి లేదు

జాంబియా వైశాల్యం 7,52,618 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికి రెండున్నర రెట్లకు పైమాటే. దేశంలో ఎక్కువ భాగం ఎత్తయిన పీఠభూమి. రాజధాని లుసాకా సముద్రమట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే భూమధ్యరేఖకు దిగువనే ఉన్నా అక్కడి ఎండ మన రోహిణి కార్తెలా మాడ్చదు. పటంలో దేశం ఆకారం రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. నడుమును నొక్కి పట్టినట్టు ఉత్తరం నుంచి కాంగో భూభాగం ఒకటి లోపలికి చొచ్చుకొచ్చింది. 19వ శతాబ్దం చివర్లో ఐరోపా దేశాలు గీతలు గీసి పంచుకున్న నాటి గుర్తు అది. ఆ గీతలు గీసినవాళ్లు అక్కడి మనుషుల్ని అడగలేదు.

దేశానికి పేరిచ్చింది జాంబెజి నది. దేశపు వాయవ్య మూలలో పుట్టి, సుమారు 2,700 కిలోమీటర్లు ప్రవహించి హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. ఇంత పెద్ద నది ఉండగా పడవల్లోనే సముద్రం చేరొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్‌కూ అలాగే అనిపించింది. 1855 నవంబరులో ఆయన విక్టోరియా జలపాతాన్ని చూశాడు. స్థానికులు దాన్ని ‘మోసి ఓవా తున్యా’ అంటారు, ఉరిమే పొగ అని అర్థం. 108 మీటర్ల ఎత్తు నుంచి, 1,700 మీటర్ల వెడల్పున నీళ్లు దూకే చోట పడవకు దారెక్కడిది? జలపాతానికి దిగువనైనా దారి దొరుకుతుందన్న ఆశతో 1858లో ఆయన స్టీమరు వేసుకుని సముద్రం వైపు నుంచి వచ్చాడు. కహోరా బస్సా దగ్గర రాళ్ల మధ్య సుడులు తిరిగే నీళ్లు ఆ స్టీమరును ఆపేశాయి. జాంబెజి సముద్రంలో కలుస్తుంది గానీ, మనిషిని వెంట తీసుకుపోదు.

రాగి కోసం వచ్చిన రైలు

నది చూపని దారిని రైలు చూపింది. దక్షిణం నుంచి వచ్చిన పట్టాలు 1905లో విక్టోరియా జలపాతం పక్కన లోయను దాటాయి. ఉక్కు వంతెన భాగాలను ఇంగ్లండ్‌లో తయారుచేసి, ఓడల్లో తెచ్చి, నదికి 128 మీటర్ల ఎత్తున బిగించారు. రైలు పోతుంటే జలపాతం తుంపర పెట్టెల మీద పడాలన్నది బ్రిటిష్ గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ కోరిక. వంతెన పూర్తయ్యేనాటికి ఆయన లేడు. 1906లో పట్టాలు నేటి కాబ్వే చేరాయి, 1909కల్లా కాంగో సరిహద్దు ముట్టుకున్నాయి.

1920ల చివర్లో ఉత్తరాన పెద్దఎత్తున గనులు తవ్వడం మొదలైంది. లువాన్షా, కిట్వే, ముఫులిరా, చింగోలా పట్టణాలు ఆ గనుల చుట్టూ పుట్టినవే. ఆ ప్రాంతం పేరే కాపర్‌బెల్ట్. పల్లెల నుంచి మగవాళ్లు గనుల్లోకి వలసపోయారు. కూలి తక్కువ, పన్నులు ఎక్కువ. 1935లోనూ 1940లోనూ కార్మికులు సమ్మె చేస్తే తూటాలు పేలాయి. గనుల మీద హక్కు రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీది. తవ్విన ప్రతి టన్నుకూ రాయల్టీ దానికే పోయేది. 1964 అక్టోబరు 24న దేశం స్వతంత్రమయ్యే ముందు గడియ దాకా ఆ హక్కు కంపెనీ దగ్గరే ఉంది. చివరికి 40 లక్షల పౌండ్ల పరిహారం తీసుకుని వదులుకుంది. అందులో సగం కొత్త దేశమే కట్టింది. తన నేలలోని రాగిని తానే కొనుక్కున్నట్టయింది.

తొలి అధ్యక్షుడు కెనెత్ కౌండా బడిపంతులుగా పనిచేసినవాడు, గాంధీజీ దారిని నమ్మినవాడు. ఆయన చేతికొచ్చిన దేశంలో పట్టభద్రులైన నల్లజాతీయులు వంద మంది దాకానే. కొత్త నాణేనికి తర్వాత పెట్టుకున్న పేరు ‘క్వాచా’, తెల్లవారిందని అర్థం. స్వాతంత్ర్య పోరాటంలో ఊరూరా వినిపించిన నినాదం అది.

కరీబా కింద మునిగిన ఊళ్లు

1955 డిసెంబరులో నెహ్రూ మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ రోజుల్లోనే జాంబెజి మీద కరీబా ఆనకట్ట పని మొదలైంది. అప్పటికి జాంబియా పేరు ఉత్తర రొడీషియా. దక్షిణ రొడీషియా (నేటి జింబాబ్వే), న్యాసాలాండ్‌లతో కలిపి బ్రిటిష్‌వాళ్లు 1953లో ఒక సమాఖ్యగా కట్టేశారు. గనులకు కరెంటు కావాలి, అందుకే 128 మీటర్ల ఎత్తున వంపు తిరిగిన కాంక్రీటు గోడ. సాగర్ తొలి నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలని మనం గొప్పగా చెప్పుకుంటాం. కరీబా సరస్సులో పట్టే నీరు ఆరు వేల టీఎంసీలకు పైమాటే. మనిషి కట్టిన జలాశయాల్లో ఇంత నీరు పట్టేది మరొకటి లేదంటారు.

ఆ నీళ్ల కింద టోంగా ప్రజల ఊళ్లున్నాయి. రెండు గట్ల మీదా కలిపి సుమారు 57,000 మందిని లేపేశారు. ఏటా వరద తగ్గాక ఒండ్రు మట్టిలో రెండో పంట వేసుకునే రైతులు వాళ్లు. నీటికి దూరంగా, రాళ్ల నేలకు తరలించారు. చిపెపో అనే పెద్ద ఊళ్ల సముదాయం కదలనంది. 1958 సెప్టెంబరులో పోలీసులు కాల్పులు జరిపారు, ఎనిమిది మంది చనిపోయారు.

నదిలో న్యామిన్యామి అనే దేవత ఉందని టోంగాల నమ్మకం. పాము ఒళ్లు, చేప తల. ఆనకట్ట తనకూ తన భార్యకూ మధ్య గోడ కడుతోందని ఆ దేవత ఆగ్రహించిందట. 1957లో ఒకటి, 1958లో అంతకన్నా పెద్దది, వరుసగా రెండు వరదలు కట్టడాన్ని కుదిపేశాయి. పని ముగిసేసరికి 86 మంది కార్మికులు చనిపోయారు. చెట్ల కొమ్మల్లో, దిబ్బల మీద చిక్కిన వేలాది జంతువులను పడవల్లో ఒడ్డుకు చేర్చిన కథ ప్రపంచమంతా చదివింది. మనుషుల సంగతి అంతగా చదవలేదు. ఇళ్లు వదిలిన టోంగాల ఊళ్ల మీదుగానే హైటెన్షన్ తీగలు గనులకు పోయాయి. ఆ ఊళ్లు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డి వెలుగులోనే ఉన్నాయి. శ్రీశైలం ముంపు గ్రామాల కథ విన్నవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో మెలిక ఉంది. నది ఇద్దరిదీ. విద్యుత్కేంద్రాన్ని మాత్రం దక్షిణపు గట్టున, రొడీషియా వైపున కట్టారు. కరెంటు మీట పొరుగువాడి చేతిలో ఉంది.

గట్టు మూసిన రోజు

1965 నవంబరు 11న దక్షిణ రొడీషియాలోని తెల్లజాతి ప్రభుత్వ నేత ఇయాన్ స్మిత్, మెజారిటీ నల్లజాతీయులకు అధికారం ఇవ్వడం ఇష్టం లేక, తమ దేశం స్వతంత్రమని తనంతట తానే ప్రకటించుకున్నాడు. బ్రిటన్ చమురు ఆంక్షలు పెట్టింది. స్మిత్ వెంటనే జాంబియాకు చమురు ఆపేశాడు.

అప్పటి లెక్క ఒకసారి చూడండి. జాంబియాకు చమురు రొడీషియా మీదుగా రావాలి. బొగ్గు రొడీషియాలోని వాంకీ గనుల నుంచి రావాలి. రాగి రొడీషియా రైలు మీదే పోవాలి. కరెంటు కరీబా దక్షిణపు గట్టు నుంచి రావాలి. ఏడాది నిండిన దేశానికి ఊపిరి అందించే నాలుగు గొట్టాలూ ఒకే చేతిలో ఉన్నాయి.

బ్రిటన్, కెనడా, అమెరికా విమానాలు పీపాల్లో చమురు నింపుకుని లుసాకాకు మోశాయి. రెండో దారి టాంజానియా రేవు దార్ ఎస్ సలామ్‌కు పోయే మట్టిరోడ్డు. పోయేటప్పుడు రాగి దిమ్మెలు, వచ్చేటప్పుడు చమురు పీపాలు. వానాకాలంలో మోకాలి లోతు బురద, ఎండాకాలంలో ముందున్న లారీ కనిపించనంత దుమ్ము. లోయల్లో పడిన లారీల తుక్కు దారి పొడవునా ఉండేది. డ్రైవర్లు ఆ దారికి ‘హెల్ రన్’ అని పేరు పెట్టారు, నరకపు పరుగు. ఒక దేశం బతుకు కొన్నేళ్ల పాటు ఆ లారీ డ్రైవర్ల చేతుల మీద నిలిచింది.

1968లో దార్ ఎస్ సలామ్ నుంచి కాపర్‌బెల్ట్‌లోని న్డోలా దాకా సుమారు 1,700 కిలోమీటర్ల చమురు గొట్టం వేశారు. సొంత బొగ్గు తవ్వుకున్నారు. కాఫ్యూ నది మీద సొంత జలవిద్యుత్కేంద్రం కట్టుకున్నారు. ఇక మిగిలింది రైలు.

1,860 కిలోమీటర్ల పట్టాలు

టాంజానియాకు రైలు వేద్దామని కౌండా, అక్కడి అధ్యక్షుడు జూలియస్ నైరేరే అడగని చోటు లేదు. ప్రపంచ బ్యాంకు లాభసాటి కాదంది. పాశ్చాత్య దేశాలు ముఖం చాటేశాయి. దక్షిణాన ఉన్న రైలు చాలదా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ రైలు ఎవరి చేతిలో ఉందన్నది వీళ్ల బాధ.

చైనా ముందుకొచ్చింది. అప్పటికి తానే పేద దేశం. 1967 సెప్టెంబరులో బీజింగ్‌లో ఒప్పందం కుదిరింది. వడ్డీ లేని అప్పు, తిరిగి కట్టడానికి 30 ఏళ్ల గడువు. స్థానిక ఖర్చులకు డబ్బు పుట్టించిన తీరు మరీ విశేషం. చైనా సరుకులు ఓడల్లో వచ్చేవి. వాటిని జాంబియా, టాంజానియా దుకాణాల్లో అమ్మగా వచ్చిన సొమ్ముతో కూలీలకు జీతాలు, ఇతర ఖర్చులు. ఆ రోజుల్లో కొట్టుకెళ్లి చైనా సరుకు కొన్న ప్రతి ఇల్లాలూ తెలిసో తెలియకో ఆ రైలుకు ఒక స్లీపరు మోసినట్టే.

1970 అక్టోబరులో పని మొదలైంది. దార్ ఎస్ సలామ్ నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి దాకా 1,860 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో పోయే దూరం కన్నా ఎక్కువ. దారి ఏనుగులు తిరిగే అడవిలో పడి, కిలొంబెరో లోయ బురదలు దాటి, కొండలెక్కి పీఠభూమికి చేరుతుంది. అన్నిటికన్నా మొండికేసింది మ్లింబా, మకంబాకో మధ్యనున్న కొండవాలు. 22 సొరంగాలు, 300కు పైగా వంతెనలు. వేలాది మంది చైనా కార్మికులు, అంతకు మించి ఆఫ్రికా కార్మికులు కలిసి డేరాల్లో ఉంటూ, ఒకే ఎండలో, ఒకే దోమల మధ్య పనిచేశారు. 60 మందికి పైగా చైనీయులు తిరిగి ఇల్లు చేరలేదు. ఆ నేలలోనే వాళ్ల సమాధులున్నాయి. ప్రాణాలు వదిలిన ఆఫ్రికా కార్మికులూ ఉన్నారు.

1975లో పట్టాలు పూర్తయ్యాయి. 1976 జులై 14న రైల్వేను రెండు దేశాలకూ అప్పగించారు. పేరు తజారా. జనం పెట్టుకున్న పేరు ఉహురు రైల్వే, స్వాహిలీలో స్వేచ్ఛ. దాని మీద నడిచిన ప్రయాణికుల బళ్లలో ఒకటి ముకుబా ఎక్స్‌ప్రెస్. బెంబా భాషలో ముకుబా అంటే రాగి.

ఆ రైలు అవసరం ఎంతటిదో అది కడుతుండగానే తెలిసింది. 1973 జనవరిలో రొడీషియా సరిహద్దు మూసింది. కొన్ని వారాలకు తెరుస్తానంటే ఈసారి కౌండాయే వద్దన్నాడు. 1975లో అంగోలాలో అంతర్యుద్ధం చెలరేగి, పడమటి రేవు లొబితోకు పోయే బెంగ్వెలా రైలూ ఆగింది. తూర్పు పట్టాలే దిక్కయ్యాయి. 1979లో రొడీషియా సైనికులు ఆ దారిలోని చంబేషి వంతెనను పేల్చేశారు. రైలును కేవలం రైలుగా చూస్తే ఎవరూ అంత దూరం వచ్చి పేల్చరు.

బాటకు మట్టి పోయాలి

దారి దొరికిన వేళకే రాగి ధర కూలింది. 1974 మధ్యలో ఉన్న ధర ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పడిపోయింది. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా రాగే అయిన దేశం అప్పుల్లో దిగింది. జాతీయం చేసిన గనులకు కొత్త యంత్రాలు రాలేదు. 1969లో ఏడు లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి 2000 నాటికి సుమారు రెండున్నర లక్షలకు జారింది. గనులను మళ్లీ ప్రైవేటుకు అమ్మారు. 2004లో కొంకొలా గనులు మన దేశంలో పుట్టిన వేదాంత కంపెనీ చేతికొచ్చాయి. రైలూ అలాగే నీరసించింది. ఏటా 20 లక్షల టన్నులు మోయాలన్న లక్ష్యాన్ని తజారా ఏనాడూ అందుకోలేదు. 2015 నాటికి లక్ష టన్నులు మోయడమే గగనమైంది. ఇంజిన్లు లేవు, విడిభాగాలు లేవు, రాగి మళ్లీ లారీలెక్కింది.

2020లో జాంబియా విదేశీ అప్పు వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. 2024లో కరవు వచ్చి కరీబా నీళ్లు అడుగంటాయి. కరెంటులో ఎక్కువ వంతు నీటి మీదే ఆధారపడిన దేశంలో ఇళ్లు రోజులో చాలా గంటలు చీకట్లో గడిపాయి. న్యామిన్యామి కోపం ఇంకా తీరలేదని టోంగా పెద్దలు అనుకుని ఉంటారు.

అయినా ఆ దేశం దారులు వేయడం మానలేదు. జాంబెజి మీద కజుంగులా దగ్గర పంటు కోసం లారీలు రోజుల తరబడి బారులు తీరేవి. 2021 మే నెలలో అక్కడ 923 మీటర్ల వంతెన తెరిచారు. బోట్స్వానాతో జాంబియా సరిహద్దు అక్కడ చాలా చిన్నది. జింబాబ్వే నీళ్లలోకి పోకుండా ఆ వంతెన విల్లులా వంగి ఉంటుంది. గట్టు తగాదా లేకుండా బాట వేసుకోవడం ఎలాగో ఆ వంపు చూస్తే తెలుస్తుంది.

విద్యుత్ వాహనాల కాలం వచ్చి రాగికి మళ్లీ గిరాకీ పెరిగింది. పడమటి లొబితో దారికి అమెరికా, ఐరోపా సాయమందిస్తుంటే, తజారాను బాగుచేయడానికి చైనా 2024 సెప్టెంబరులో అవగాహనకు వచ్చింది. ఒకప్పుడు లాభం లేదని ముఖం తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు పోటీపడి పట్టాలు వేస్తామంటున్నారు. జాంబియా వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రాగి పోయే బండి తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తుంది?

ఆ ప్రశ్నకు ఒక జవాబు తజారా చిన్న స్టేషన్లలో ఉంది. బండి ఆగగానే అరటి గెలలు, బియ్యం బస్తాలు ఎక్కించే ఆడవాళ్లను చూడండి. రాగి ధర పడిన ఏళ్లలోనూ ఆ రైలు వాళ్ల పంటను సంతకు చేర్చింది. ఆ బండి ఆలస్యమైతే బుట్టలో పండు మగ్గిపోతుంది, ఆగిపోతే ఆ వారం సంతే లేదు. అందుకే పొలం బాటను రైతు ఒకసారి వేసి వదిలేయడు. ఏటా వానలు వెలిశాక గంపలతో మట్టి పోసి, గుంతలు పూడ్చి నిలబెట్టుకుంటాడు. తన దారిని తాను కాపాడుకున్నంత కాలమే ఆ పొలం తనది.