ఎక్సైమర్ లేజరు: రసాయన గతిశాస్త్రము

ఉత్తేజితస్థితియందు మాత్రమే బంధము గలిగి, కాంతినిచ్చిన మరుక్షణమున విడిపోవు అణువులనుండి అతినీలలోహిత కిరణమును రాబట్టు వాయు లేజరునకు ఎక్సైమర్ లేజరని పేరు. 1970లో మాస్కోయందలి లెబెదెవ్ భౌతికశాస్త్ర సంస్థలో బాసోవ్ బృందము ద్రవ జినాన్‌తో ఇట్టి లేజరును సాధింపగా, 1975 నుండి అమెరికాలో జడవాయు హాలైడు లేజరులు వెలసినవి. వానిలో 193 నానోమీటర్ల ఆర్గాన్ ఫ్లోరైడు లేజరే నేడు కంటి చికిత్సకు ఆధారము.

దాని గదిలో నియాన్ అధికముగను, ఆర్గాన్ కొలదిగను, ఫ్లోరీన్ ఒక శాతమునకు లోపుగను ఉండును. విద్యుత్తు ప్రసరింపగనే ఉత్తేజితమైన ఆర్గాన్ పరమాణువు, ఫ్లోరీన్ అణువు ఇంకను దూరమున నుండగనే దానికి తన ఎలక్ట్రాను నొసగి, పుట్టిన విద్యుదాకర్షణచే దానిని చేరదీసి, ఒక ఫ్లోరీన్ పరమాణువును వెలికి నెట్టి ఉత్తేజిత ఆర్గాన్ ఫ్లోరైడుగ మారును. బల్లెము విసరి త్రాటితో తిమింగిలమును లాగుకొనుటను బోలిన ఈ క్రియను హార్పూన్ చర్య యందురు. ఆర్గాన్ అయాను, ఫ్లోరైడు అయాను నేరుగ కలియుట రెండవ మార్గము. అప్పుడు మిగులు శక్తిని గొనిపోవ మూడవ కణము కావలెను గనుక, వాయువును పలు వాతావరణముల పీడనమున నుంతురు.

ఇట్లు జనించిన అణువు ఆయువు కొలది నానోసెకండ్లే. ఆ లోపల కాంతి నీయనిచో ఫ్లోరీన్‌నో, ఎలక్ట్రానునో ఢీకొని శక్తిని వ్యర్థపుచ్చును. లేదా ఆర్గాన్‌తో చేరి త్రిపరమాణుకమై వేరొక తరంగదైర్ఘ్యమున వెలుగును. ఫ్లోరీన్ తగ్గిన అణువులు చాలినన్ని పుట్టవు. హెచ్చిన పుట్టినవియు నిలువవు. ఈ రసాయనమందలి సూక్ష్మమంతయు ఈ తూకముననే యున్నది. కాంతినిచ్చిన అణువు విడిపోవుటచే భూస్థాయి దాదాపు ఖాళీగనే యుండి, పై స్థాయిలో అణువులు హెచ్చుగ నుండవలె నను లేజరు నియమము తనంతట నెరవేరుట మాత్రము ప్రకృతి చేసిన గొప్ప సదుపాయము.

ఇక ఈ లేజరు సవరించు వక్రీభవన దోషము సంగతికి వత్తము. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలైన ప్రాంతమంతయు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 నడుమ జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమునకు ఎన్నుకొన్న నాలుగు ప్రాంతములలో ఆ జిల్లా యొకటి. మధ్యస్థ దృష్టిలోపమునకు సవరింపని వక్రీభవన దోషమే ప్రధానకారణమని ఆ అధ్యయనము తేల్చెను. అట్టివారికి ముందు అందవలసినది కళ్లజోడే. జోడు మానదలచినవారు హైదరాబాదు వంటి చోట్ల చేయించుకొను లేజరు చికిత్సయగు లాసిక్‌లో, ఒక్కొక్క లేజరు స్పందము కార్నియానుండి సుమారు పావు మైక్రాను పొరను మాత్రమే తొలగించును. స్పందశక్తి మారిన ఆ లోతును మారును; గదిలోని లోహభాగములతో చర్య జరిపి ఫ్లోరీన్ క్రమముగ తరిగిపోవుచుండును గనుక, చికిత్సకు ముందు శక్తిని కొలిచి సరిచూచుటయు, గడువున వాయువును మార్చుటయు తప్పనిసరి.