మగ్గం చుట్టూ ఇల్లు: తెలుగు నాట నేత పని పంపకం, దాని చరిత్ర

తెలుగు ప్రాంతపు చేనేతను గురించిన రచనలు చాలావరకు బట్ట చుట్టూనో, బట్ట వ్యాపారం చుట్టూనో తిరుగుతాయి. మచిలీపట్నం రేవులో ఓడలెక్కిన అద్దకాలు, చీరాల రుమాళ్లు, పొందూరు సన్న ఖద్దరు, పోచంపల్లి పట్టు వాటిలో విస్తారంగా కనిపిస్తాయి గాని, ఆ బట్ట పుట్టిన చోటు, అంటే ఒకటి రెండు మగ్గాలున్న నేత ఇల్లు, తన దినచర్యతో సహా కనిపించడం అరుదు. ఆ ఇంటిలో నివాసానికీ కార్ఖానాకూ మధ్య గోడ ఉండదు కనుక, మగ్గం మీద జరిగే పనిని మాత్రమే నేతగా లెక్కించి, దాని చుట్టూ జరిగే తక్కిన పనినంతా ఇంటిపనిలో కలిపేయడం పన్ను వసూలుదారుకూ షావుకారుకూ చివరకు చరిత్రకారునికీ సులువైంది. గత 250 ఏళ్ల మార్పులను ఆ ఇంటి లోపలి నుంచి పరిశీలిస్తే, పని తగ్గించడానికి వచ్చిన సాధనాలు చాలావరకు ఒకరి చేతి పనిని తగ్గించి మరొకరి చేతికి అందించిన తీరు తెలుస్తుంది.

నేత ఇంటిలో ప్రధానమైనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంట అంచున నేతగాడు కూర్చుని, లోపలికి కాళ్లు దించి చెక్కలను తొక్కుతూ, పడుగు దారాలను రెండు వరసలుగా విడదీసి, ఆ సందులో నాడెను ఇటూ అటూ నడుపుతాడు. పడుగు అంటే బట్ట పొడవునా సాగే దారాలు, పేక అంటే అడ్డంగా పడే దారం, నాడె అంటే పేకను మోసే పడవ ఆకారపు సాధనం. నేలకు దగ్గరగా ఉండటం వల్ల నూలుకు కొంత తేమ అందుతుంది, దారం తరచుగా తెగదు. ఆ గుంటలోకే వానాకాలంలో నీరు ఊరి మగ్గం వారాల తరబడి ఆగిపోవడమూ ఉంది. ఒక్కరు కూర్చునే ఈ మగ్గానికి మేత వేయడానికి ఇంటిల్లిపాదీ కావాలి. చిలపలుగా, అంటే చుట్టలుగా, వచ్చిన నూలును తడిపి, ఆరబెట్టి, రాట్నం మీద కండెలకు చుట్టాలి, పడుగు పోయాలి, దానిని తెల్లవారుజామున వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరనివ్వాలి, ఆ తరువాత పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా అతకాలి. వీధిలో పడుగు సాగదీసిన రోజున ఒక కుటుంబం చాలదు గనుక ఇరుగుపొరుగు వారు బదులు పనికి వచ్చేవారు. ఈ పనుల్లో కండెలు చుట్టడం స్త్రీలకూ పిల్లలకూ వృద్ధులకూ వాటాగా వచ్చింది.

ఈ పంపకం ఎప్పటికీ ఒకేలా ఉన్నదనుకోరాదు. మిల్లు నూలు రాకముందు దారం వడకడం నేత కులాల పనే కానక్కరలేదు. పద్మశాలీలూ దేవాంగులూ కర్ణిభక్తులూ తొగటవారూ నేస్తే, వారికి కావలసిన నూలును అనేక కులాల స్త్రీలు ఇంటి పట్టున వడికి సంతలో అమ్మేవారు. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే పలువురు వడికేవారు కావలసి ఉన్నందున, నేత గ్రామం చుట్టూ ఒక విశాలమైన స్త్రీల శ్రమ వలయం ఉండేది. 17వ శతాబ్దం తొలి దశకాల్లో డచ్చివారూ ఇంగ్లీషువారూ కోరమాండల్ తీరంలో కోఠీలు పెట్టినప్పుడు వారు ఒప్పందం చేసుకున్నది బట్టకే గాని ఆ శ్రమకు కాదు. బట్ట నాణ్యతకు కొలత పుంజం, అంటే 120 పడుగు దారాల కట్ట. ఎన్ని పుంజాలో చెబితే నేత ఎంత చిక్కనో తెలిసేది, ధర దానిమీద నిలిచేది. ఆర్డరులో పుంజాల లెక్క ఉండేది గాని వాటిని పోసినదెవరో ఉండనవసరం లేకపోయింది.

18వ శతాబ్దం రెండవ సగంలో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వచ్చాక, ముందుగా బయానా ఇచ్చి నేతగాణ్ని కట్టివేసే పద్ధతి బిగుసుకుంది. కంపెనీ గుమాస్తాలు ధర తామే నిర్ణయించడం, సరుకును తక్కువ రకంగా చూపి తిరగ్గొట్టడం, ఇతరులకు అమ్మకుండా కాపలా పెట్టడం వంటివాటికి గోదావరి ప్రాంతపు నేతగాళ్లు ఆ శతాబ్దం చివర గుంపులుగా ఎదురు తిరిగారు. పన్ను వ్యవహారమూ ఈ దృష్టినే చూపుతుంది. విజయనగర కాలపు శాసనాల నుంచి కంపెనీ పాలనలోని మొతర్ఫా దాకా, వృత్తి పన్ను పడినది మగ్గం మీద. మగ్గం కదలదు, దాచడం కష్టం, లెక్కించడం తేలిక; పాలకులు మగ్గాన్ని ఎంచుకోవడానికి అంతకు మించిన కారణం వెతకనక్కరలేదు. అయితే దాని వల్ల నేత ఇల్లు రాజ్యపు కంటికి మగ్గాల సంఖ్యగానే నిలిచిపోయింది.

19వ శతాబ్దంలో లాంకషైర్ నూలు, ఆ తరువాత స్వదేశీ మిల్లుల నూలు సంతలోకి రావడంతో వడికే స్త్రీల వలయం చెదిరింది. నేతగాడికి నూలు చవకగా, సమంగా దొరికింది. అందువల్లనే మిల్లు బట్ట పోటీని తట్టుకుని అతడు నిలవగలిగాడన్నది కూడా నిజం. ఎగుమతులు పడిపోయిన కాలపు వర్ణనల్లో ఈ రెండో వైపు తరచుగా మరుగున పడుతుంది. రంగులదీ ఇదే తీరు. 1868లో జర్మనీలో అలిజరిన్ అనే ఎరుపు రంగును కృత్రిమంగా తయారు చేశాక, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపుకూ, 1897లో కృత్రిమ నీలి అంగడికెక్కాక నీలిమొక్క సాగుకూ కాలం చెల్లింది.

ఇంటి లోపలి పనిని అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది ఫ్లై షటిల్. ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టిన ఈ పద్ధతిలో, నాడెను ఒక చేత్తో విసిరి మరొక చేత్తో పట్టుకోవలసిన అవసరం పోయి, తాడు గుంజితే అది దానంతటదే ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. 20వ శతాబ్దం మొదటి దశకాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ పరిశ్రమల అధికారులు, వారిలో ముఖ్యంగా ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్, దీనిని ప్రోత్సహించారు. కోస్తా జిల్లాల నేతగాళ్లు త్వరలోనే స్వీకరించారు. నేత వేగం ఇంచుమించు రెట్టింపు కాగా, ఒంటిచేతి విసురుకు అందని పన్నా గల బట్ట కూడా ఒక్కరే నేయగలిగారు. ప్రభుత్వ నివేదికలకు ఇది మగ్గం సాధించిన ప్రగతి. ఇంట్లో మాత్రం, నాడె రెట్టింపు వేగంతో కదిలితే కండెలు రెట్టింపు వేగంతో ఖాళీ అవుతాయి. అదే రాట్నం, అవే చేతులు, పని మటుకు రెండింతలు. అధికమైన ఈ కండెల పనికి వేరే కూలి పుట్టలేదు, ఎందుకంటే షావుకారు ఇచ్చే మజూరీ బట్టకు ఇంత అని గాని పనికి ఇంత అని కాదు. కండెలు చుట్టినవారి వాటా ఆ మొత్తంలోనే ఇమిడిపోయింది.

సహకార సంఘాలు ఈ లెక్కను మార్చగలవని కొందరు ఆశించారు. 1935లో మద్రాసులో రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు వచ్చింది. చీరాలకు చెందిన ప్రగడ కోటయ్య నేతపనివారి సమస్యలను చట్టసభల్లో దశాబ్దాల పాటు వినిపించారు. 1976లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘమైన ఆప్కో ఏర్పడింది. సంఘాలు నూలు అప్పుగా ఇచ్చి బట్ట తీసుకున్నాయి, అవి బాగా నడిచినచోట షావుకారు పట్టు సడలింది. కాని సభ్యత్వానికి ఆధారం మగ్గమే, సభ్యుడు సాధారణంగా ఇంటి యజమానే.

ఈ చరిత్రలో నిలిచి చూడవలసిన ఘట్టం చిటికి నేతది. చిటికి అంటే నేయక ముందే దారాన్ని అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచి, కట్టినంత మేర తెల్లగా మిగిలేలా చేసి, ఆ దారంతో నమూనా వచ్చేటట్లు నేయడం. చీరాలలో వర్ధిల్లి గల్ఫ్ దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ ఎగుమతి అయిన తేలియా రుమాలు ఈ కోవలోనిదే. నూలును రెండు వారాలకు పైగా నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ మార్చి మార్చి నానబెట్టి ఆరవేసేవారు, అప్పుడు గాని అలిజరిన్ ఎరుపు లోతుగా పట్టేది కాదు. నల్లగొండ ప్రాంతంలో పోచంపల్లి, పుట్టపాక వంటి ఊళ్లు ఈ విద్యను అందుకుని, 20వ శతాబ్దం రెండవ సగంలో రుమాలు నుంచి చీరకూ, నూలు నుంచి పట్టుకూ విస్తరించాయి. పడుగునూ పేకనూ రెంటినీ కట్టి నేసే జంట చిటికిలో ఒక్క దారం జరిగినా బొమ్మ చెదురుతుంది. ఆ కష్టానికి తగినట్టే బట్టకు పేరు వచ్చింది, పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు, పుట్టపాక నేతగాళ్లలో ఇద్దరికి పద్మశ్రీ పురస్కారాలు వచ్చాయి.

పేకను చిటికి కట్టాలంటే ముందు దానిని ఆసు పోయాలి. ఆసు ఒక అర్ధచంద్రాకారపు చట్రం: ఒక కొసన ఒక మేకు, ఎదుటి వంపు మీద వరసగా మేకులు. దారాన్ని ఆ మేకు నుంచి వంపు మీది మేకుకూ, అక్కడి నుంచి వెనక్కూ, మళ్లీ పక్క మేకుకూ తీసుకుపోతూ ఉండాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఇటూ అటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని దాదాపు పూర్తిగా స్త్రీలది, వారి భుజాల నొప్పులు ఆ ఊళ్లలో వృత్తిలో భాగంగానే చెల్లిపోయాయి. ఆసు అయ్యాక గళ్ల కాగితం మీది నమూనా చూసి గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబు రబ్బరు పీలికలతో కట్టి, ఒక్కొక్క రంగుకు కట్లు విప్పుతూ మళ్లీ కడుతూ పోవాలి. పోచంపల్లి చీర ఖ్యాతి పెరిగిన కొద్దీ రాట్నం దగ్గర ఫ్లై షటిల్ చేసినదే ఆసు దగ్గరా జరిగింది.

ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడిన బాధను చూసి ఏళ్ల తరబడి కృషి చేసి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేసి, దానికి తల్లి పేరున లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. గంటల పని గంటన్నరకు దిగింది. ఫ్లై షటిల్, నమూనా నేతకు వాడే డాబీ, జకార్డ్ వంటి సాధనాలన్నీ మగ్గం మీది పనిని ఉద్దేశించినవి కాగా, మగ్గం దగ్గర ఒక్క నిమిషం కూడా ఆదా చేయని ఈ యంత్రం మగ్గానికి ముందు జరిగే పని కోసం పుట్టింది. ఫ్లై షటిల్ తెలుగు మగ్గాల మీదికి వచ్చిన చాలాకాలానికి గాని ఇది రాకపోవడానికి సాంకేతిక క్లిష్టత ఒక కారణం కావచ్చు. అది కూలి లెక్కలోకి రాని పని కావడం అంతకంటె బలమైన కారణంగా తోస్తుంది.

ఈలోగా ఇల్లూ మారింది. చీరాల వైపు మాస్టర్ వీవర్లు, అంటే నూలూ నమూనా తామే ఇచ్చి నేయించుకునే పెట్టుబడిదారులు, మగ్గాలను షెడ్లలోకి చేర్చగా, సొంత మగ్గం లేని నేతగాడు షెడ్డు కార్మికుడయ్యాడు. మరమగ్గాల పోటీ నుంచి కొన్ని రకాలను కాపాడటానికి 1985లో రిజర్వేషన్ చట్టం వచ్చినా అమలు బలహీనంగానే సాగింది. గచ్చు నేలల ఇళ్లలో గుంట తవ్వే వీలు తగ్గి స్టాండు మగ్గాలు వచ్చాయి, కండెలకు చిన్న మోటార్లు అమరాయి, మగవారు పట్నం పనులకు పోతే స్త్రీలే మగ్గమెక్కుతున్నారు. 2019-20 చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు పనివారిని లెక్కించి, వారిలో 70 శాతానికి పైగా స్త్రీలని తేల్చింది. ఈశాన్య రాష్ట్రాలలో ఇంటి వాడకానికి నేసే స్త్రీలు ఆ సంఖ్యలో అధికంగా ఉన్నందున దానిని తెలుగు ప్రాంతానికి యథాతథంగా అన్వయించరాదు గాని, నేతగాళ్లతోపాటు అనుబంధ పనివారిని వేరుగా లెక్కించడం ఆ గణన చేసిన మంచి పని.

పథకాలలో ఆ విభజన ఇంకా నిలకడగా కనిపించదు. తెలంగాణలో 2017లో వచ్చిన పొదుపు పథకం అనుబంధ పనులు చేసేవారిని కూడా సభ్యులుగా తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం కింద ఏటా 24,000 రూపాయలు అందినది సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. షెడ్డులో నేసేవారూ, ఇంట్లో మగ్గం లేకుండా పొరుగువారికి కండెలు చుట్టేవారూ దాని పరిధిలోకి రాలేదు.