సమాధి పలక ఎవరికి కావాలి?

తీరప్రాంతపు ఊరికి మూలపురుషులెవరని వెతికేవాళ్ల కళ్లు ముందుగా పాత సమాధుల మీదే పడతాయి. నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె నుంచి తీరం వెంబడి దక్షిణానికి పోతే పులికాట్ వస్తుంది. అక్కడి డచ్చి శ్మశానం ద్వారానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కాపలా ఉంటాయి. లోపల పలకల మీద వంశ చిహ్నాలు, వాటి కింద డచ్చి రాతలు. 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మనుషుల గుర్తులివి. బందరులోనూ ఇలాంటి డచ్చి సమాధులున్నాయి. ఇవన్నీ చూస్తే ఈ తీరాన్ని నిలబెట్టింది వీళ్లేనేమో అనిపిస్తుంది. నా వాదన అది కాదు. రాతిమీద పేరు చెక్కించాల్సిన అవసరం ఊళ్లో పాతుకుపోయినవాళ్ల కంటే, ఏదో ఒకనాడు వెళ్లిపోయేవాళ్లకే ఎక్కువ.

ఆ రాతలు పక్కింటివాళ్ల కోసం చెక్కినవి కావు. వాటిని చదవగలిగింది తర్వాతి ఓడలో దిగే కంపెనీ ఉద్యోగే. కంపెనీ తన తీర కేంద్రాన్ని 1690లో నాగపట్నానికి మార్చింది. 1825లో పులికాట్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. సమాధి పక్కన మనవలు ఉండరని తెలిసినచోట పేరు గుర్తుంచే పని రాయి చేయాలి. నెల్లూరు తీరపు జాలర్లైన పట్టపువాళ్ల సంగతి వేరు. తమ పెద్దల్ని ఎక్కడ సాగనంపారో చెప్పడానికి వాళ్లకు ఇంటి మనుషులే ఉన్నారు. వాళ్ల పూర్వులు దక్షిణం నుంచి వచ్చారనడానికి, తమిళానికి దగ్గరగా ఉండే వాళ్ల ఇంటి మాటే సాక్ష్యం.

జాలర్లకు రాయి కొనే స్తోమత లేకపోయిందంతే అని ఎవరైనా అనొచ్చు. కానీ పులికాట్‌లో డచ్చివాళ్లతో వ్యాపారం చేసిన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న పెద్ద శ్రీమంతులు. వాళ్ల గురించి మనకు తెలిసింది సమాధుల వల్ల కాదు, కంపెనీ కాగితాల వల్ల. దహనం చేసే ఆచారమున్నవాళ్లకు సమాధి ఎలా ఉంటుందంటే, నేననేదీ అదే: పలక లేకపోవడం ఆచారాన్ని చెబుతుంది గానీ, మనుషులు లేరని చెప్పదు.

నోటిమాటకు తేదీ ఉండదన్నది మాత్రం బలమైన అభ్యంతరమే. వర్తకపు కాలాన్ని తేల్చడానికి పలక మీది తేదీ పనికొస్తుంది. అయితే ఎవరు ముందొచ్చారన్నది అది తేల్చలేదు. ఇప్పుడు చేపల రేవు వచ్చిన జువ్వలదిన్నెకు చరిత్ర రాసేవాళ్లు ముందు జాలరి ఇళ్ల మాటల్నీ, పడవలు దించిన చోట్లనీ రాసుకోవాలి. తేదీలు సరిచూసుకోవడానికి ఆ తర్వాత పలకల దగ్గరికి పోవచ్చు.