శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్: మెహదీపట్నం నేర్పిన పాఠం

లోవర్ హట్‌లో పనిచేస్తున్న మనలో చాలామంది అమ్మానాన్నలకు శుక్లాల ఆపరేషన్ చేయించే వయసు వచ్చేసింది. ఆపరేషన్ అక్కడ, మనం ఇక్కడ. అందుకే ఈ చరిత్ర కొంచెం తెలుసుకుందాం.

శుక్లాల వైద్యం మన దేశంలో చాలా పాతది. సుశ్రుతుడి పేరు మీద ఉన్న గ్రంథంలోనే సూదితో చేసే పద్ధతి ఉంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టారు. ఆపరేషన్ సులువైంది గానీ ఒక భయం మిగిలింది. కంటి లోపలికి బ్యాక్టీరియా చేరితే చీము పట్టి చూపు పోతుంది. దీన్నే ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. అరుదే, కానీ వస్తే ప్రమాదం.

2016 జూన్ 30న హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో 13 మందికి ఆపరేషన్లు జరిగాయి. వారిలో కొందరికి ఇన్‌ఫెక్షన్ సోకింది. కొందరు చూపు పోగొట్టుకున్నారు. ఆపరేషన్‌లో కన్ను కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ సెలైన్‌ను పరీక్షిస్తే అందులో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా బయటపడింది. మన పనిలో ఒక లోడు కాంక్రీటు తేడా వస్తే, దానితో పోసిందంతా అనుమానమే కదా. ఇదీ అంతే. తేడా సీసాలో ఉంటే ఒకే రోజు చాలా కళ్లకు చేరుతుంది.

ఆపరేషన్ ముందు కంటిని పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేయడం ఇప్పుడు మామూలైంది. ఆపరేషన్ చివర్లో కంటి లోపలే యాంటీబయాటిక్ వేస్తే ఈ జబ్బు బాగా తగ్గుతుందని 2007లో యూరప్ డాక్టర్ల అధ్యయనం తేల్చింది. తర్వాత తమిళనాడు అరవింద్ ఆసుపత్రుల్లో 6 లక్షలకు పైగా ఆపరేషన్ల లెక్కలు చూసినా అదే తేలింది.

ఇక మన చేతిలో ఉన్నది టైమే. ఆపరేషన్ అయిన మొదటి వారం రోజూ ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: నొప్పి పెరుగుతోందా? ఎరుపెక్కిందా? నిన్నటికన్నా మసకగా ఉందా? ఒక్కదానికి అవునన్నా, "చుక్కలేస్తే తగ్గుద్దిలే" అననివ్వకండి. చుక్కలు కంటి లోపలి దాకా సరిగా చేరవు, లోపలికే ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు. అదే రోజు ఆసుపత్రికి పంపించండి.

ఆపరేషన్ ఇక్కడే జరిగి ఇన్‌ఫెక్షన్ వస్తే, 'ట్రీట్‌మెంట్ ఇంజురీ' కింద ఏసీసీకి క్లెయిమ్ పెట్టమని డాక్టరునే అడగండి. తప్పు ఎవరిదో మనం నిరూపించక్కర్లేదు. కానీ ముందు కన్ను, ఆ తర్వాతే కాగితాలు.