క్యాట్‌ఫిష్ మేతలో ప్రత్యామ్నాయ మాంసకృత్తులు

చెరువులలో పెంచే క్యాట్‌ఫిష్‌కు చేపపొడికి బదులుగా మేతలో కలిపే మాంసకృత్తుల వనరులను ప్రత్యామ్నాయ మాంసకృత్తులు అంటారు. నూనెగింజల చెక్కలు, ధాన్యపు ఉపోత్పత్తులు, పురుగుల పొడి మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. క్యాట్‌ఫిష్ అనగా మీసాల చేప. మన వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి ఈ వర్గానికి చెందినవే. అయితే మేతను గురించి విస్తృతమైన పరిశోధన జరిగినది అమెరికాలో పెంచే చానెల్ క్యాట్‌ఫిష్ మీద. కనుక ఈ వ్యాసం ముందు దానిని, తరువాత తెలుగునాట పెంచే పంగాసియస్‌ను పరిచయం చేస్తుంది.

== చేపపొడితో చిక్కు ==

చేపపొడిలో 60 నుండి 65 శాతం మాంసకృత్తులు ఉంటాయి. అవి చేపల శరీరానికి కావలసిన పాళ్ళలోనే ఉంటాయి, సులభంగా జీర్ణమవుతాయి. కానీ ఒక కిలో పొడికి నాలుగైదు కిలోల చిన్న సముద్రపు చేపలు కావాలి. పైగా సముద్రం ప్రతి ఏడూ ఒకే తీరుగా ఉండదు. పెరూ తీరంలో 1970లో కోటీ ఇరవై లక్షల టన్నులకు మించి దొరికిన ఆంకోవెటా చేప, మితిమీరిన వేటకు ఎల్ నినో తోడవడంతో 1973 నాటికి ఇరవై లక్షల టన్నులకు లోపే పడిపోయింది. చేపపొడి ధర ఆకాశాన్నంటింది.

సాల్మన్ వంటి మాంసాహార చేపలను చేపపొడి నుండి మళ్ళించడం కష్టం. చానెల్ క్యాట్‌ఫిష్ సర్వభక్షి కావడం దాని పెంపకందార్లకు కలిసివచ్చింది. నేడు మిసిసిపి, అలబామా, ఆర్కన్సా రాష్ట్రాల చెరువులలో పెద్ద చేపలకు వేసే 28-32 శాతం మాంసకృత్తుల మేతలో చేపపొడి దాదాపుగా ఉండదు. చేపపిల్లల మేతలో మాత్రం ఇంకా వాడుతున్నారు.

== సోయా, పత్తి చెక్కలు ==

చేపపొడి స్థానాన్ని ప్రధానంగా ఆక్రమించినది సోయా చెక్క. ఇందులో సుమారు 48 శాతం మాంసకృత్తులు ఉంటాయి. పచ్చి సోయాలో ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది కనుక దానిని వేడిచేయాలి. వేడి మితిమీరితే లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో బంధింపబడి చేపకు అందకుండా పోతుంది. సోయాలోని భాస్వరంలో అధికభాగం ఫైటేట్ రూపంలో ఉండి అరగదు. అందుకై ఫైటేజ్ అనే ఎంజైమునో, విడిగా భాస్వరపు లవణాన్నో కలుపుతారు.

మిసిసిపి డెల్టా పత్తి పండే నేల. అక్కడ పత్తిగింజల చెక్క సోయా కంటే సాధారణంగా చౌక. మాంసకృత్తులు సుమారు 41 శాతం. కానీ అందులోని గాసిపాల్ అనే పసుపు పదార్థం ఎక్కువైతే చేపకు హాని చేస్తుంది, లైసిన్‌ను కూడా పట్టి ఉంచుతుంది. చేపలకు ఆహారం ద్వారానే అందవలసిన అమైనో ఆమ్లాలు పది. వాటిలో ఒక్కటి తగ్గినా మిగిలిన తొమ్మిదీ ఆ మేరకే ఉపయోగపడతాయి. మినప్పప్పు లేకుండా బియ్యం ఎంత నానబోసినా దోసె కానట్లే! చానెల్ క్యాట్‌ఫిష్‌కు మొత్తం మాంసకృత్తులలో సుమారు 5.1 శాతం లైసిన్ అవసరం. పత్తిచెక్క అంత ఇవ్వలేదు. అందువలన దానిని సోయాలో కొంత భాగానికి మాత్రమే బదులుగా వాడతారు, ఎక్కువ వాడదలచినచో కృత్రిమ లైసిన్ కలుపుతారు.

సోయాతోనూ చిక్కులు లేకపోలేదు. 2003లో అమెరికా క్యాట్‌ఫిష్ ఉత్పత్తి శిఖరానికి చేరి, మూడు లక్షల టన్నుల దరిదాపుల్లో నిలిచింది. ఆపై వియత్నాం నుండి చవక దిగుమతులు పెరగడం, 2008లో సోయా, మొక్కజొన్నల ధరలు విపరీతంగా పెరగడంతో ఎందరో రైతులు చెరువులను ఎండగట్టారు. సముద్రం మీద ఆధారపడటం తగ్గి, ధాన్యపు అంగడి మీద ఆధారపడటం పెరిగిందన్నమాట.

== మాంసపు రంగు ==

మొక్కజొన్న గ్లూటెన్ పొడిలో 60 శాతం మాంసకృత్తులు ఉన్నా దానిని పరిమితంగానే వాడాలి. అందులోని జాంథోఫిల్ చేప మాంసాన్ని పసుపు చేస్తుంది. కొనుగోలుదార్లు కోరేది తెల్లని ముక్క. వియత్నాం పంగాసియస్ రైతులకూ ఇదే అనుభవం: పసుపు మాంసానికి ధర తక్కువ. ఇథనాల్ తయారీలో మిగిలే మొక్కజొన్న పిప్పి చవకే గాని లైసిన్ తక్కువ.

== శాతంతో మోసం ==

మేత సంచిపై ముద్రించే మాంసకృత్తుల శాతం నిజానికి నత్రజనిని కొలిచి 6.25తో గుణించగా వచ్చిన సంఖ్య. మాంసకృత్తి కాని మెలమిన్‌లో సుమారు 66 శాతం నత్రజని ఉంది. ఒక కిలో మెలమిన్ ఈ లెక్కలో నాలుగు కిలోలకు పైగా మాంసకృత్తిగా కనిపిస్తుంది! 2007లో చైనా నుండి వచ్చిన, మెలమిన్ కలిసిన గోధుమ పిండి అమెరికాలో ఎన్నో పెంపుడు జంతువుల ప్రాణాలు తీసింది. అదే సరుకు కెనడాలో తయారైన చేపల మేతలోకి కూడా చేరింది. కాబట్టి కొనేవారు శాతం ఒక్కటే చూసి తృప్తిపడరాదు.

== తెలుగునాట ==

పంగాసియస్ 1990లలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు, అటుపై ఆంధ్రకు వచ్చింది. రైతులు దీనిని "ఫంగస్" అని పిలుచుకోవడం పరిపాటి. బూజుతో దీనికి ఏ సంబంధమూ లేదు. కొల్లేరు ప్రాంతంలో బొచ్చె, శీలావతులకు చిల్లుల సంచుల్లో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క వేలాడదీసే పద్ధతి ఉండగా, పంగాసియస్‌కు తేలే గుళికల మేత వాడకం ఎక్కువ. వేరుశనగ చెక్క తడిసి బూజుపడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. దానిని ఎండబెట్టి వాడినా విషం పోదు.

కోళ్ళ వ్యర్థాలను నేరుగా చెరువులో పోయడం కూడా చౌకగా మాంసకృత్తులు అందించే మార్గమే. కాని అది నీటిని కుళ్ళబెట్టి, వ్యాధులకు తావిస్తుంది, చట్టరీత్యా నేరం. 2000లో భారత ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచేవారు అనుసరించేది ఎక్కువగా ఈ పద్ధతే.

== పురుగుల పొడి ==

నల్ల సైనిక ఈగ పురుగుల పొడిని చేపల మేతలో వాడటానికి ఐరోపా సమాఖ్య 2017లో అనుమతించింది. ఇందులో లైసిన్ తగినంత ఉన్నా ధర ఇంకా సోయా చెక్క కంటే చాలా ఎక్కువ.