తలుపు బయటి సోదరులు

1788 ఫిబ్రవరి. బోస్టన్ రేవులో ముగ్గురు నల్లజాతివాళ్లను పని ఉందంటూ ఓడ ఎక్కించారు. మళ్లీ దించలేదు. ఓడ కరీబియన్ దీవుల దారి పట్టింది. ముగ్గురూ ఎవరికీ బానిసలు కారు. అయినా సెయింట్ బార్తెలెమీ దీవిలో వాళ్లను అమ్మజూపారు. బేరానికి వచ్చిన వర్తకుడూ, ఆ ముగ్గురిలో ఒకడూ ఫ్రీమేసన్లే. ఒకరినొకరు గుర్తుపట్టారు. బేరం చెడింది. బోస్టన్ పాదరీ జెరెమీ బెల్‌నాప్ ఉత్తరాల్లో ఈ కథ ఉంది. మసాచుసెట్స్ గవర్నరు జాన్ హాన్‌కాక్ రాసిన లేఖలూ తోడై, జూలై కల్లా ముగ్గురూ ఇల్లు చేరారు.

విచిత్రమేమిటంటే, దీవిలో వర్తకుడు సోదరుడని ఒప్పుకున్న ఆ మనిషిని సొంత ఊళ్లోని తెల్ల మేసన్లు ఒప్పుకోలేదు.

మన ఊళ్లలో లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే చోటు. మేసన్ల లాడ్జి వేరు. తాపీమేస్త్రీల పనిముట్లనే గుర్తులుగా పెట్టుకున్న సంఘం అది. మూలమట్టం నడతకు, రసమట్టం సమానత్వానికి గుర్తు. ప్రభువైనా పనివాడైనా లోపల ఒకే మట్టం మీద నిలబడాలి. అయితే 1723లో లండన్‌లో జేమ్స్ ఆండర్సన్ అచ్చువేయించిన నియమావళిలోనే ఒక మెలిక ఉంది. సభ్యుడు పుట్టుకతో స్వతంత్రుడై ఉండాలట. ఆడవాళ్లకూ ప్రవేశం లేదు. రాసిన చేతే రసమట్టాన్ని కాస్త వాల్చింది.

ఆ వాలును వేలెత్తి చూపినవాడు ప్రిన్స్ హాల్. బోస్టన్‌లో తోలు పనివాడు. యజమాని 1770లో విడుదల పత్రం రాసిచ్చాడు. ఎక్కడ పుట్టాడో తెలియదు. 1903లో గ్రిమ్‌షా అనే ఆయన బార్బడోస్ నుంచి మొదలుపెట్టి అందమైన జీవితకథ అల్లాడు. చరిత్రకారులు దాన్ని ఒక్కో పోగూ విప్పేశారు. మిగిలిన కాగితాలే మరింత ముచ్చటగా ఉన్నాయి. 1777లో ఫిరంగి దళానికి అయిదు ఢంకాలకు తోళ్లు చేసిచ్చి, డబ్బివ్వమని హాల్ పంపిన బిల్లు వాటిలో ఒకటి.

1775 మార్చి 6న హాల్‌నూ మరో 14 మంది నల్లవాళ్లనూ మేసన్లుగా చేర్చుకున్నది బోస్టన్ పెద్దమనుషులు కారు, ఊరి మీద కాపలా ఉన్న బ్రిటిష్ పటాలంలోని ఐరిష్ లాడ్జి. మరుసటి ఏడాది పటాలం ఓడెక్కి వెళ్లిపోయింది. వీళ్లకు మిగిలింది కూడుకోవడానికీ, చనిపోయిన సభ్యుల్ని పాతిపెట్టుకోవడానికీ అనుమతి మాత్రమే. కొత్తవాళ్లను చేర్చుకునే హక్కు లేదు. హాల్ నేరుగా లండన్‌లోని గ్రాండ్ లాడ్జికే, అంటే లాడ్జీలన్నిటి పైసంఘానికే రాశాడు. 1784 సెప్టెంబరు 29 తేదీతో సొంతంగా లాడ్జి నడుపుకోవడానికి 459వ నంబరు సనదు మంజూరైంది. అది బోస్టన్ చేరేసరికి 1787 ఏప్రిల్.

సనదు కోసం కూర్చుని ఉంటే హాల్ పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదేమో. 1777 జనవరిలోనే మరికొందరితో కలిసి బానిసత్వం రద్దు చేయమని శాసనసభకు అర్జీ పెట్టాడు. 1787లో, పన్నులు మేమూ కడుతున్నాం, మా పిల్లలకు బడి ఏదని ఇంకో అర్జీ. పన్నుల పేరుతోనే ఇంగ్లండు మీద తిరగబడ్డ సభకు ఆ మాట ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించవచ్చు. బడి మాత్రం రాలేదు. ముగ్గురి అపహరణ జరిగినప్పుడు లాడ్జి సభ్యులతో మూడో అర్జీ. క్వేకర్లూ పాదరీలూ గొంతు కలిపారు. 1788 మార్చిలో మసాచుసెట్స్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. అదే నెలలో, బయటినుంచి వచ్చి పౌరసత్వం చూపలేని నల్లవాళ్లను వెళ్లగొట్టే చట్టమూ చేసింది!

మన దేశంలోనూ ఇలాంటి గడపే. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే వర్తకుడు తననూ మేసన్‌గా చేర్చుకోమని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. చాలామంది దేవుళ్లను కొలిచే హిందువు ఒకే పరమాత్మ మీద ఎలా ప్రమాణం చేస్తాడన్నది అభ్యంతరం. చివరికి 1872లో తలుపు తెరిచారు. పన్నెండేళ్లకు కలకత్తాలోనే ఒక లాడ్జిలో నరేంద్రనాథ్ దత్ అనే కుర్రవాడు చేరాడు, తర్వాత వివేకానందుడైనవాడు. హైదరాబాదులో తానీషా కట్టించిన గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి వచ్చిందీ 1872లోనే. భద్రాచల రామదాసును ఖైదు చేసిన తానీషానే.

ఆండర్సన్ నియమావళిలోని పుట్టుకతో స్వతంత్రుడు అన్నదాన్ని 1847లో ఇంగ్లండు మేసన్లు స్వతంత్రుడు అని మార్చారు. అమెరికా తెల్ల లాడ్జీలు అంత తొందరపడలేదు. హాల్ లాడ్జి నుంచి పెరిగిన నల్లవాళ్ల లాడ్జీల సభ్యులకు ప్రిన్స్ హాల్ మేసన్లనే పేరు. 1898లో వాషింగ్టన్ రాష్ట్ర గ్రాండ్ లాడ్జి వాళ్లను సోదరులనగానే మిగతావి కన్నెర్ర చేశాయి, మరుసటి ఏడాదే అది మాట వెనక్కి తీసుకుంది. కనెటికట్ గ్రాండ్ లాడ్జి 1989లో గుర్తింపు ఇచ్చింది, ఇంగ్లండు 1994లో.

ఆలోగా ప్రిన్స్ హాల్ లాడ్జీలకు పనికేమీ కొదవ లేదు. న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ వాళ్ల సభ్యుడే. పౌరహక్కుల కేసులకు వాళ్ల విరాళాలు వెళ్లాయి. మిసిసిపీలోని జాక్సన్ పట్టణంలో వాళ్ల మేసనిక్ టెంపుల్‌లోనే పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ కార్యాలయం నడిపాడు. 1963 జూన్‌లో అతన్ని ఇంటి ముందే కాల్చి చంపాక, అంత్యక్రియల సభ జరిగింది ఆ భవనంలోనే.