మట్టి కరవడం నేర్పిన బడి

యుద్ధవిద్య నేర్చినవాడికి వినయం దానంతటదే అబ్బుతుందని చాలామంది నమ్మకం. బడిలో అడుగు పెడుతూనే వంగి నమస్కరించడం, గురువు ఎదుట మోకాళ్ల మీద కూర్చోవడం, గోడ మీద మూలపురుషుడి పటం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. జపాన్‌లో జూడో పుట్టి పెరిగిన కథ మాత్రం మరోలా చెబుతుంది. నమస్కారాలు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి, వాటి పక్కనే అహం కూడా హాయిగా కాపురం చేసింది. దాన్ని కాస్తో కూస్తో అదుపులో పెట్టింది తోటివాడి చేతిలో రోజూ కిందపడక తప్పని ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎవరికి వర్తించకుండా పోయిందో వాళ్లలో అహం మళ్లీ తలెత్తింది, అది మేటి శిష్యుడైనా సరే, ఆ సంస్థే అయినా సరే.

జూడోకు ముందున్నది జుజుత్సు. 1868 తర్వాత సమురాయ్‌ల హోదా పోయింది, 1876లో కత్తి కట్టుకు తిరగడాన్నీ నిషేధించారు. పాత విద్యల గురువులు శిష్యులు లేక ఈగలు తోలుకుంటున్న కాలం అది. ఒక్కో సంప్రదాయానికి రహస్యమైన పట్లు, వాటిని రాసిన చుట్టలు, ఏళ్ల తరబడి సేవ చేస్తే గానీ చేతికి రాని అనుమతి పత్రాలు ఉండేవి. పరీక్షకు నిలబడని రహస్యం ఎవరినైనా గొప్పవాణ్ణి చేయగలదు. అన్ని బడులూ అలాంటివే అనడం అన్యాయం. 1877లో కానో జిగొరో అనే బక్కపల్చని విద్యార్థి చేరిన తెన్‌జిన్ షిన్‌యో బడిలో ఒకరినొకరు నిజంగా పట్టి పడేసే సాధన ఉండేది. అక్కడ ఫుకుషిమా అనే బండమనిషిని కానో ఎంతకీ పడగొట్టలేకపోయాడు. సుమో పట్లు ప్రయత్నించాడు, పాశ్చాత్య కుస్తీ గురించి పుస్తకాలు వెతికి చదివాడు, చివరికి ప్రత్యర్థిని భుజాల మీదికెత్తి వేసే పట్టుతో గెలిచాడు. తన విద్యకు వెలుపల కూడా విద్య ఉందని ఒప్పుకున్నవాడే ఆ పుస్తకాలు తెరుస్తాడు. తర్వాత కితో సంప్రదాయంలో ఆయనకు గురువైన ఈకుబో త్సునెతోషిది ఇంకా పెద్ద మనసు. ఎప్పుడూ తనే గెలిచే ఆ యాభై ఏళ్ల గురువును ఒకరోజు కానో వరసగా పడేశాడు. ఎదుటివాడి నిలకడను ముందు చెదరగొట్టి, ఆ తర్వాతే విసరాలన్న కిటుకు శిష్యుడికి దొరికిందని ఈకుబో గ్రహించాడు. ఇక నేర్పేదేమీ లేదని ఒప్పుకున్నాడు. ఈ సంగతి కానోయే తర్వాత చెప్పుకున్నాడు.

1882లో టోక్యోలోని ఎయిషోజీ ఆలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో కానో కొదోకాన్ అనే తన జూడో బడిని తెరిచాడు. అక్కడ చేరినవాడు పడేయడం కన్నా ముందు పడటం నేర్చుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, నేల తగిలే క్షణంలో ముంజేతితో చాపను చరచాలి. రోజూ ఓడితే కుర్రవాడి ధైర్యం చచ్చిపోదా అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. దెబ్బ తగలకుండా పడటం వచ్చినవాడికి పడటమంటే భయం పోతుంది. గెలుపు మీద ఆధారపడిన ధీమా తొలి ఓటమితోనే కూలుతుంది, ఇలా వచ్చిన ధీమాకు ఆ ప్రమాదం లేదు. దీనికన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. 1883లో డాన్ అనే మెట్లు పెట్టినవాడూ, కొన్నేళ్లకు నల్ల బెల్టును గుర్తుగా తెచ్చినవాడూ ఈ కానోయే కదా, అహానికి అంతకన్నా మంచి మేత ఏముంటుంది అని. నిజమే. అయితే ఆ బెల్టు కట్టుకున్నవాడు మర్నాడు అదే చాప మీద అందరితో తలపడాలి, బెల్టు అబద్ధమైతే నిమిషంలో తేలిపోతుంది. చిక్కల్లా ఆ తలపడటం లేనిచోట. రంగురంగుల బెల్టులు యూరప్‌లో, ముఖ్యంగా 1930లలో పారిస్‌లో నేర్పిన కవాయిషి వల్ల, వాడుకలోకి వచ్చాయి. పరీక్ష ఫీజు కడితే చాలు పిల్లాడికి రంగు మారుతుందంటే ఆ గుడ్డముక్కకూ పాత రహస్యపు చుట్టకూ తేడా లేదు.

కానో సొంత బడిలోనే ఈ వాదానికి ఎదురు సాక్ష్యం ఉంది. తొలి డాన్ అందుకున్న ఇద్దరిలో ఒకడు సాయిగో షిరో. పొట్టివాడు, ‘కొండగాలి’ అనదగ్గ యమా అరాషి పట్టుకు పేరుమోసినవాడు. రోజూ చాప మీద తలపడినవాడే, అయినా వీధి కొట్లాటల్లో ఇరుక్కుని, కానో యూరప్ పర్యటనలో ఉండగా 1890లో కొదోకాన్‌ను వదిలేశాడు. ఇది నా వాదాన్ని కూల్చదు, దాని హద్దు చూపిస్తుంది. సాధన వినయం నేర్పేది ఓటమి ద్వారానే. తనను పడేసేవాడు దొరకనివాడికి ఆ మందు ఎక్కదు. అతని సహాధ్యాయి తొమితా కొడుకు రాసిన ‘సుగతా సన్‌షిరో’ నవల సాయిగోను తలపించే కథే. 1943లో కురోసావా దాన్ని తన తొలి సినిమాగా తీశాడు. వీధిలో కొట్లాడి వచ్చిన శిష్యుణ్ణి గురువు మందలిస్తే, అతను పంతం కొద్దీ కొలనులో దూకి, రాత్రంతా ఒక గుంజను పట్టుకుని ఉండిపోతాడు. బడి నేర్పలేనిది కొలను నేర్పిందన్న సినిమా సుఖాంతం అసలు సాయిగోకు దక్కలేదు.

ఓటమి ఏం చేయగలదో చూడాలంటే డచ్చివాడు ఆంటన్ గీసింక్‌ను చూడాలి. 1956లో టోక్యోలో జరిగిన తొలి ప్రపంచ పోటీల్లో యోషిమత్సు చేతిలో ఓడాడు. తర్వాత జపాన్‌కే వచ్చి తెన్రీ విశ్వవిద్యాలయంలో సాధన చేశాడు, 1961లో ప్రపంచ విజేత అయ్యాడు. 1964 అక్టోబరు 23న టోక్యోలోని బుదోకాన్‌లో, జపానీయుల కళ్లెదుటే, ఒలింపిక్ ఫైనల్లో కమినగా అకియోను కదలనివ్వకుండా నేలకు అదిమి గెలిచాడు. డచ్చి అభిమానులు సంబరంతో చాప మీదికి ఉరకబోతే, అతను ఇంకా పూర్తిగా లేవకుండానే చెయ్యెత్తి ఆపాడు. ఓడినవాడి ముందు కేరింతలు వద్దన్నది అతనికి ఎవరో వల్లె వేయించిన పాఠం కాదు, ఎనిమిదేళ్ల కింద అదే ఊళ్లో తాను నిలబడిన చోటు. మరి శిష్యులందరినీ చాప మీద నిలబెట్టిన కొదోకాన్‌ను నిలబెట్టేదెవరు? 30 ఏళ్లకే ఏడో డాన్ అందుకున్న కిమురా మసహికో డబ్బు కోసం వృత్తి జూడోకూ కుస్తీకీ వెళ్లాక చచ్చేదాకా ఆ మెట్టు మీదే ఉండిపోయాడు. కొదోకాన్‌ను వదిలి వెళ్లిన సాయిగోకు మాత్రం 1922లో అతను పోయాక కానో ఆరో డాన్ ఇచ్చాడు. అంతర్జాతీయ జూడో సమాఖ్య 1997లో గీసింక్‌కు పదో డాన్ ఇచ్చింది. కొదోకాన్ దాన్ని గుర్తించలేదు.